చెరువు నీటిలో రెండు కణాలు ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయి?

గండిపేట_గట్టు | ఆదివారం, రాత్రి 9:10

పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఉస్మాన్ సాగర్ ఒడ్డున నీళ్లలో మునిగి ఉన్న ఒక రాయి మీద గోధుమరంగు పాకుడు పట్టి ఉంటే, కొద్దిగా గీకి తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. నిండా పడవ ఆకారపు డయాటమ్‌లే, అంటే గట్టి పెంకు ఉన్న ఏకకణ శైవలాలు. చాలావరకు ఒంటరిగా ముందుకూ వెనక్కూ జారుతున్నాయి. ఒకచోట మాత్రం రెండు కణాలు పక్కపక్కనే ఆనుకుని, కదలకుండా ఉన్నాయి. చుట్టూ పల్చని జిగురు పొర ఉన్నట్టుంది. అప్పుడే విభజన జరిగిన పిల్ల కణాలు అనుకుందామంటే రెండింటి పొడవులో తేడా స్పష్టంగా ఉంది.

ఇవి లైంగిక ప్రత్యుత్పత్తికి సిద్ధమవుతున్నాయా? అయితే కళ్లు లేవు, ముక్కు లేదు, నాడులు లేవు. ఇంత నీటిలో తనకు సరైన జత ఎక్కడుందో ఆ కణానికి ఎలా తెలుస్తుంది? మా పాఠ్యపుస్తకం స్పైరోగైరా అనే పోగుల శైవలం జత కట్టే పద్ధతి (సంయుగ్మం) దగ్గర ఆగిపోతుంది. రెండు పోగులు పక్కపక్కకు వచ్చాయి, నిచ్చెన మెట్ల లాంటి గొట్టాలు ఏర్పడ్డాయి అంటుంది. అసలు పక్కకు ఎందుకు వచ్చాయో చెప్పదు. పిల్లలు అడిగేది అదే.

పాత_పాఠం | ఆదివారం, రాత్రి 9:52

మాస్టారూ, డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీరు చెప్పినదాన్ని బట్టి అవి జత కట్టిన కణాలే అయి ఉండవచ్చు. ఒక గుర్తు చూసుకోండి. విభజన అప్పుడే పూర్తయిన పిల్ల కణాలు ఇంకా తల్లి పెంకు నడుమ ఉండే ఒకే పట్టీలో ఇరుక్కుని ఉంటాయి. జత కట్టినవైతే వేటికవే పూర్తి కణాలు, నడుమ జిగురు మాత్రమే ఉంటుంది. స్లయిడు ఎండిపోకుండా అంచున చుక్క నీళ్లు వేస్తూ అదే చోటును గంట గంటకూ చూడండి. లోపలి పదార్థం ముడుచుకుని, పెంకు తెరుచుకుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఎలా కనుక్కుంటాయి అన్నదాని కంటే ముందు, ఎందుకు వెతుక్కుంటాయి అన్నది చూద్దాం. డయాటమ్ పెంకు సిలికాతో చేసిన కుంకుమ భరిణె లాంటిది. ఒక భాగం కాస్త పెద్దది, రెండోది దానిలోకి ఒదిగేది. విభజనలో ఒక పిల్లకు పై భాగం, మరో పిల్లకు అడుగు భాగం దక్కుతాయి. దక్కినదాన్ని రెండూ మూతగానే వాడుకుని, దాని లోపలికి ఒదిగే భాగాన్ని కొత్తగా కట్టుకుంటాయి. అంటే పాత అడుగు భాగం దక్కిన పిల్ల తల్లి కంటే కొంచెం చిన్నదవుతుంది. తరాలు గడిచేకొద్దీ సగటు పరిమాణం తగ్గుతూ పోతుంది. ఈ సంగతిని 1869లో మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ ఎవరికి వారుగా గుర్తించారు.

ఇలా తగ్గుతూ పోతే ఒకనాటికి ఆ వంశం అంతరించాల్సిందే. చాలా జాతులకు దాని నుంచి బయటపడే దారి లైంగిక ప్రత్యుత్పత్తి. రెండు సంయోగబీజాలు, అంటే లైంగిక కణాలు, కలిసి ఏర్పడిన సంయుక్తబీజానికి గట్టి పెంకు ఉండదు కాబట్టి అది హాయిగా ఉబ్బుతుంది. దాన్ని ఆక్సోస్పోరు అంటాం. పూర్తి పొడవుకు పెరిగాక లోపల కొత్త పెంకు కట్టుకుంటుంది. అక్కడి నుంచి మళ్లీ తగ్గడం మొదలు. కొన్ని జాతులు పరిమాణం తగ్గకుండానే నెట్టుకొస్తాయి, వాటి సంగతి వేరు.

గచ్చిబౌలి_జీవకణం | ఆదివారం, రాత్రి 11:05

పాత_పాఠం గారు చెప్పినదానికి కొనసాగింపు. నేను సూక్ష్మ శైవలాల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. మాస్టారి ప్రశ్నకు ఇప్పటివరకు దొరికిన స్పష్టమైన జవాబుల్లో ఒకటి సెమినావిస్ రోబస్టా అనే డయాటమ్ నుంచి వచ్చింది. బెల్జియంలోని గెంట్, జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయాల బృందాలు దీనిపై చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాయి. ఇది సముద్రపు జాతి. అయినా మీరు చూసినవాటిలాగే పడవ ఆకారంలో ఉండి, అడుగున పాకుడులా పట్టి, జారుతూ కదులుతుంది.

దీనిలో రెండు జత రకాలున్నాయి, ప్లస్ అనీ మైనస్ అనీ పిలుస్తారు. చూడటానికి తేడా ఏమీ ఉండదు. కణం పొడవు సుమారు 50 మైక్రోమీటర్ల కంటే తగ్గేదాకా ఏ సంకేతానికీ స్పందన ఉండదు. ఆ గీత దాటాక సంభాషణ మొదలవుతుంది. ప్లస్ కణాలు ఒక సంకేత పదార్థాన్ని నీటిలోకి వదులుతాయి. అది అందిన మైనస్ కణాలు విభజన ఆపేసి, డైప్రోలీన్ అనే చిన్న అణువును తయారుచేసి వదలడం మొదలుపెడతాయి. మైనస్ కణాలు కూడా తమ వంతుగా మరో సంకేతం పంపుతాయి. అది అందితేనే ప్లస్ కణాలకు డైప్రోలీన్‌ను పసిగట్టే శక్తి వస్తుంది. అప్పుడు ప్లస్ కణం మైనస్ వైపు జారుకుంటూ వెళ్తుంది. మైనస్ తన చోటనే ఉండి పిలుస్తుంది.

నన్ను ఇప్పటికీ కదిలించేది ఆ క్రమమే. "నువ్వు అక్కడ ఉన్నావా?" అని ఒకరు అడిగి, "ఉన్నాను" అని రెండోవారు అన్న తర్వాతే ఖర్చుతో కూడిన పని మొదలవుతుంది. ఎవరూ లేని చోట డైప్రోలీన్ తయారుచేసి పారబోయడం ఉండదు.

2013లో ఆ అణువును గుర్తించినప్పుడు చేసిన పరీక్ష వినండి. చిన్న చిన్న పూసలకు డైప్రోలీన్ పట్టించి, సంసిద్ధంగా ఉన్న ప్లస్ కణాల మధ్య వేశారు. పూస అంటే మైనస్ కణం కాదు, ప్రాణం ఉన్నదీ కాదు. అయినా కణాలు జారుకుంటూ వచ్చి దాని చుట్టూ గుమిగూడాయి. డైప్రోలీన్ లేని పూసలను పట్టించుకోలేదు.

తార్నాక_రసాయనం | సోమవారం, ఉదయం 6:40

డైప్రోలీన్ గురించి ఒక మాట. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం రెండు అణువులు కలిసి వలయంగా ముడిపడితే వచ్చేది అది. అణుభారం 194. కణానికి తేలికగా దొరికే సరుకుతోనే తయారైన వస్తువు.

"ఇంత నీటిలో" అని మాస్టారు అన్నారు కాబట్టి వ్యాపనం, అంటే అణువులు నీటిలో తమంతట తామే పరుచుకోవడం, దాని లెక్క కూడా చెబుతాను. ఈ పరిమాణంలో ఉన్న అణువు కదలని నీటిలో 100 మైక్రోమీటర్ల దూరం వ్యాపించడానికి పట్టేది కొన్ని సెకన్లు. అదే ఒక సెంటీమీటరు పోవాలంటే గంటల తరబడి పడుతుంది. దూరం వంద రెట్లయితే సమయం పదివేల రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఈ పిలుపు చెరువంతా వినిపించేది కాదు. వెంట్రుక మందమంత దూరంలో, మహా అయితే దానికి కొన్ని రెట్ల దూరంలో ఉన్న కణానికే వినిపిస్తుంది. పాకుడులో కణాలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ దూరం సరిపోతుంది. ఉస్మాన్ సాగర్ ఎంత పెద్దదైనా, ఆ కణానికి సంబంధించిన లోకం మీరు గీకిన రాయి మీద చిటికెన వేలి గోరంత చోటే.

గండిపేట_గట్టు | సోమవారం, ఉదయం 7:25

తార్నాక_రసాయనం గారూ, ఈ లెక్క రేపే తరగతిలో చెబుతాను. కానీ ఒక సందేహం. అడుగున పట్టి ఉండేవాటికి ఇది సరే. నీటిలో తేలుతూ బతికేవాటి సంగతి ఏమిటి? అక్కడ కణాలు దూరదూరంగా ఉంటాయి కదా.

పాత_పాఠం | సోమవారం, ఉదయం 10:15

తేలేవి వేరే పద్ధతి పట్టాయి. గుండ్రటి డయాటమ్‌లకు జారే శక్తి లేదు. పడవ ఆకారపువాటికి పెంకు మీద రాఫే అనే సన్నని చీలిక ఉంటుంది, దాని నుంచి వచ్చే జిగురు పదార్థం సాయంతో అవి జారుతాయి. గుండ్రటివాటికి ఆ చీలిక ఉండదు. కాబట్టి అవి కణాన్ని కదిలించవు, సంయోగబీజాన్ని కదిలిస్తాయి. ఒక కణం అండాన్ని పెట్టుకుని కూర్చుంటుంది, మరొకటి ఒకే కశాభం (ఈదడానికి వాడే తోక లాంటి పోగు) ఉన్న చిన్న చిన్న పురుష సంయోగబీజాలను చాలా వాటిని వదులుతుంది. మన చెరువుల్లో విరివిగా దొరికే సైక్లోటెల్లా ఈ బాపతుదే.

అమీన్‌పూర్_పక్షులు | సోమవారం, మధ్యాహ్నం 1:30

నాకు పక్షులే తెలుసు, ఇది కొత్త. హుస్సేన్ సాగర్ ఎండాకాలంలో చిక్కటి పచ్చ రంగుకు తిరుగుతుంది కదా, ఆ పచ్చదనంలో కూడా ఇలాంటి జతలు కడుతూ ఉంటాయా?

గచ్చిబౌలి_జీవకణం | సోమవారం, మధ్యాహ్నం 2:20

ఆ పచ్చ తెట్టులో ఎక్కువగా కనిపించేది మైక్రోసిస్టిస్. అది నీలి ఆకుపచ్చ వర్గం, అంటే నిజానికి బాక్టీరియా. దానికి కేంద్రకం లేదు, క్షయకరణ విభజన లేదు, సంయోగబీజాల కలయిక లేదు. విభజనతోనే పెరుగుతుంది. జన్యువుల మార్పిడి వేరే దారుల్లో జరుగుతుంది కానీ మనం మాట్లాడుకుంటున్న లైంగిక ప్రత్యుత్పత్తి అది కాదు. ఆ నీటిని చేత్తో తాకవద్దు, కొన్ని రకాల మైక్రోసిస్టిస్ కాలేయానికి హాని చేసే విషాన్ని తయారుచేస్తాయి.

పాత_పాఠం | సోమవారం, సాయంత్రం 5:45

హైదరాబాద్ చెరువుల శైవలాల మీద మన ఊళ్లోనే గట్టి పని జరిగిందని ఈ తరం పిల్లలకు చెప్పాలి. ఉస్మానియాకు చెందిన ఎ.ఆర్. జాఫర్ 1960ల్లో ఇక్కడి చేపల చెరువుల శైవలాల మీద రాశారు. 1970లో ఎం. మునవర్ ఈ ఊరి మంచినీటి కుంటల మీద రాసిన వ్యాసాలు అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. ఏ నీటిలో ఏ నెలలో ఏది పెరుగుతుందో ఓపికగా చూసి రాసిన మనుషులు వాళ్లు. ఈ రోజు ఎవరైనా ఇదే పని మళ్లీ చేయాలనుకుంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

దక్షిణాదిలో వాల్వాక్స్ వర్గం మీద మద్రాసులో ఎం.ఒ.పి. అయ్యంగార్ చేసిన పని 1933లో వచ్చింది. వాల్వాక్స్ పేరు ఎత్తాను కాబట్టి చెబుతున్నా, రసాయన సంకేతాల విషయంలో దాన్ని మించినది నాకు తెలియదు. గచ్చిబౌలి అమ్మాయి దాని గురించి రాస్తే బాగుంటుంది.

గచ్చిబౌలి_జీవకణం | సోమవారం, రాత్రి 8:30

తప్పకుండా, సర్. వాల్వాక్స్ కార్టెరి ఆకుపచ్చ గోళం. రెండు కశాభాలున్న చిన్న కణాలు సుమారు రెండు వేలు, లోపల పెద్ద ప్రత్యుత్పత్తి కణాలు కొన్ని. మామూలు రోజుల్లో ఆ పెద్ద కణాలే విభజన చెంది పిల్ల గోళాలవుతాయి, తల్లి గోళాన్ని చీల్చుకుని బయటికి వస్తాయి. లైంగికత ఊసే ఉండదు.

లైంగిక ప్రేరకం అనే గ్లైకోప్రోటీన్ (చక్కెరలు అతికి ఉన్న ప్రోటీన్) నీటిలోకి వచ్చిందంటే కథ మారుతుంది. దాన్ని అందుకున్న గోళాల తర్వాతి తరంలో ఆడవి అండాలతోనూ, మగవి పురుషకణాల కట్టలతోనూ పుడతాయి. 1986లో కిర్క్ దంపతులు చూపించిన విషయం మన వాతావరణానికి బాగా దగ్గర. మామూలుగా పెరుగుతున్న గోళాలకు కాసేపు వేడి తగిలిస్తే చాలు, అవి తమంతట తామే ఆ ప్రేరకాన్ని తయారుచేశాయి. మగవే కాదు, ఆడవి కూడా.

ఎండాకాలం కుంట గురించి ఆలోచించండి. నీరు తగ్గుతుంది, వేడెక్కుతుంది, మరి కొన్నాళ్లకు అడుగు నెర్రెలు వారుతుంది. మామూలు గోళాలు ఎండను తట్టుకోలేవు. లైంగికంగా ఏర్పడిన సంయుక్తబీజం మాత్రం మందపాటి గోడ కట్టుకుని ఎండిన మట్టిలో పడుకుంటుంది, నీళ్లు వచ్చాక మొలుస్తుంది. వేడిని ముందస్తు హెచ్చరికగా వాడుకోవడం అంటే ఇదే. వేడి వల్ల కణంలో ఏర్పడే ఆక్సీకరణ ఒత్తిడికీ దీనికీ సంబంధం ఉందని తర్వాత అరోరా నెడెల్కు, రిచర్డ్ మిషాడ్ చూపారు.

తార్నాక_రసాయనం | సోమవారం, రాత్రి 9:15

ఆ ప్రేరకం ఎంత గాఢతలో పనిచేస్తుందో చెప్పకుండా వదిలేశారు, అది నేను చెబుతాను. లీటరుకు సుమారు పది టు ది పవర్ మైనస్ పదహారు మోల్స్. అంటే మిల్లీలీటరు నీటిలో దాదాపు 60 వేల అణువులు. ఎక్కువగానే ఉందనిపిస్తుంది. కానీ అదే మిల్లీలీటరులో నీటి అణువులు ఎన్ని ఉంటాయో లెక్క కట్టి చూడండి, 33 పక్కన ఇరవై ఒక్క సున్నాలు పెట్టాలి. నేను రోజూ వాడే పరికరాల్లో మంచివాటికి కూడా ఆ గాఢతను నేరుగా పట్టుకోవడం చేతకాదు. ఒక పచ్చటి గోళం పట్టుకుంటోంది. ఇంత సున్నితమైన జీవి ఉన్న నీటిలోకి మనం ఏం వదులుతున్నామో ఆలోచిస్తే నాకు కోపం వస్తుంది.

కాప్రా_చెరువు | మంగళవారం, ఉదయం 8:05

చర్చ బాగుంది. మొత్తానికి సారాంశం ఇదే కదా: ఆహారం తగ్గినప్పుడు, కష్టం వచ్చినప్పుడు లైంగిక ప్రత్యుత్పత్తి, అన్నీ బాగున్నప్పుడు విభజన. క్లామిడోమోనాస్ అనే ఈదే ఏకకణ ఆకుపచ్చ శైవలాన్ని ప్రయోగశాలలో జత కట్టించాలంటే నత్రజని లేని ద్రావణంలో వేస్తారు. మేం ఎమ్మెస్సీలో చేసింది కూడా అంతే. అమ్మోనియం తిరిగి కలిపితే సంయోగబీజాలు మళ్లీ మామూలు కణాలైపోతాయి. ఈ లెక్కన మురుగు కలిసి నత్రజని పుష్కలంగా ఉన్న మన చెరువుల్లో లైంగిక ప్రత్యుత్పత్తి జరగనే జరగదు.

గచ్చిబౌలి_జీవకణం | మంగళవారం, ఉదయం 9:40

క్లామిడోమోనాస్ వరకు మీరు చెప్పింది నిజం. దాన్ని అన్ని శైవలాలకూ వర్తింపజేయడాన్ని మాత్రం ఒప్పుకోలేను. థాలసియోసిరా స్యూడోనానా అనే గుండ్రటి డయాటమ్ సంగతి చూడండి. దీన్ని దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. లైంగిక దశ ఎవరికీ కనబడక, అసలు లేదేమో అనుకునేదాకా వచ్చారు. 2017లో అమెరికా పరిశోధకులు దానిలో లైంగిక కణాలను చూపించారు. దేనివల్ల ప్రేరేపించారనుకున్నారు? అమ్మోనియం కలపడం వల్ల. క్లామిడోమోనాస్‌ను ఆపే పదార్థమే ఇక్కడ మొదలుపెట్టింది. సెమినావిస్‌కు ముఖ్యం పరిమాణం. వాల్వాక్స్‌కు వేడి. ఒక్కో వంశం తన బతుకులో ఏది నమ్మదగిన గుర్తో దాన్ని పట్టుకుంది.

కాప్రా_చెరువు | మంగళవారం, ఉదయం 10:30

థాలసియోసిరా సంగతి నాకు కొత్త. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. క్లామిడోమోనాస్, దాని బంధువులు మన కుంటల్లో ఉన్నాయి. అమ్మోనియం ఎక్కువైతే వాటికి దారి మూసుకుపోయినట్టే కదా?

పాత_పాఠం | మంగళవారం, ఉదయం 11:50

చెరువు అంతా ఒకే ద్రావణం అనుకుంటే మీ మాట నిలుస్తుంది. చెరువు అలా ఉండదు. మురుగు కాలువ కలిసే మూలలో ఉండే నీరు వేరు, అవతలి గట్టున గేదె గిట్ట దిగిన గుంటలో వాన నీరు వేరు. ఆ గుంటలో ఒక వారం విపరీతంగా పెరిగితే నత్రజని తినేసి అవే కొరత తెచ్చుకుంటాయి. సూక్ష్మజీవికి ఊరు చిన్నది. తార్నాక వారు వ్యాపనం గురించి చెప్పింది ఇక్కడ కూడా పనికొస్తుంది.

నన్ను బాధపెట్టేది మరొకటి. సుందరీకరణ పేరుతో ఒడ్లు మొత్తం సిమెంటుతో కప్పేస్తున్నారు. లోతు తక్కువ అంచు, ఎండాకాలంలో ఎండి వానాకాలంలో మునిగే మట్టి, పాకుడు పట్టిన రాళ్లు, ఇవన్నీ పోతున్నాయి. ఈ జీవులు ఎక్కువగా జత కట్టేదీ, సంయుక్తబీజాలు పడుకునేదీ ఆ అంచులోనే. మధ్యలో లోతు నీరు మిగిలినంత మాత్రాన చెరువు మిగిలినట్టు కాదు.

అమీన్‌పూర్_పక్షులు | మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఆ అంచు పోతే ఉల్లంకి పిట్టలు కూడా రావు, సర్. మీ సూక్ష్మజీవులకూ నా పిట్టలకూ కావలసింది ఒకే చోటు అని ఇప్పుడే తెలిసింది.

మౌలాలి_బండ | మంగళవారం, సాయంత్రం 4:10

మా వైపు గుట్ట మీద బండల్లో చిన్న చిన్న గుంటలుంటాయి. వానకు నిండుతాయి, కొన్ని వారాల్లో ఎండిపోతాయి. ఎండాక అడుగున ఇటుక రంగు పొడి పొర మిగులుతుంది. అది మీరు చెబుతున్న సంయుక్తబీజాలేనా?

గచ్చిబౌలి_జీవకణం | మంగళవారం, సాయంత్రం 5:00

ఇటుక రంగు పొర అనగానే మొదట అనుమానించాల్సింది హీమటోకోకస్ అనే ఏకకణ శైవలాన్ని. ఆ ఎరుపు అస్టాక్సాంథిన్ అనే రంగు పదార్థం వల్ల. నీరు ఎండుతున్నప్పుడు ఒక్కో కణం తనంతట తానే గోడ మందం చేసుకుని, ఆ రంగు నింపుకుని నిద్రలోకి పోతుంది. దానికి జత అక్కర్లేదు. కాబట్టి ఎండను తట్టుకునే కణం కనబడగానే లైంగికంగా పుట్టిందే అనుకోకూడదు. ఆ పొడిని కాస్త గాజు సీసాలో వేసి, వడగట్టిన వాన నీళ్లు పోసి, కిటికీ దగ్గర పెట్టండి. ఆకుపచ్చ ఈదే కణాలు బయటికి వస్తాయి. చూడదగ్గ దృశ్యం.

గండిపేట_గట్టు | మంగళవారం, రాత్రి 9:30

క్లామిడోమోనాస్‌లో కూడా సెమినావిస్‌లాగా దూరం నుంచి పిలిచే అణువు ఉందా?

కాప్రా_చెరువు | మంగళవారం, రాత్రి 10:05

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే క్లామిడోమోనాస్ రైన్‌హార్డ్‌టిలో ముఖ్యమైనది పిలుపు కాదు, తాకిడి. కశాభాల మీద అగ్లుటినిన్ అనే పెద్ద గ్లైకోప్రోటీన్లు ఉంటాయి. ప్లస్ రకానివీ మైనస్ రకానివీ ఒకదానికొకటి సరిపోతాయి. రెండు రకాలనూ ఒకే గొట్టంలో కలిపితే కొద్ది నిమిషాల్లోనే కణాలు కశాభాలతో పెనవేసుకుని గుంపులు కడతాయి. మామూలు కంటికే నీటిలో నలకలు తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఆ అతుకు కణం లోపల సంకేతాన్ని రగిలిస్తుంది, కణకవచం కరిగిపోతుంది, ప్లస్ కణం ముందుభాగం నుంచి సన్నని గొట్టం పొడుచుకొచ్చి మైనస్ కణాన్ని అందుకుంటుంది. రెండూ ఒకటయ్యాక నాలుగు కశాభాలున్న కణం కాసేపు ఈదుతుంది. ఆ నాలుగు కశాభాలను లెక్కపెట్టగలిగిన రోజు నేను ప్రయోగశాల వదిలి బయటికి రాలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కలిసిన తర్వాత హరితరేణువు డీఎన్ఏ ప్లస్ కణానిదే మిగులుతుంది, మైనస్‌ది నాశనమవుతుంది. రూత్ సేగర్ 1954లో స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకునే లక్షణం ఒకే వైపు నుంచి సంక్రమిస్తోందని చూపించడంతో ఈ కథ మొదలైంది. కేంద్రకం బయట కూడా వారసత్వం ఉందన్న అవగాహనకు బలమైన ఆధారాల్లో అది ఒకటి.

తార్నాక_రసాయనం | బుధవారం, ఉదయం 6:55

దూరం నుంచి పిలిచే అణువుల్లో రసాయన నిర్మాణం మొట్టమొదట తెలిసింది సముద్రపు గోధుమ శైవలం ఎక్టోకార్పస్‌ది. మొక్క కంటికి కనిపిస్తుంది, సంయోగబీజాలు మాత్రం సూక్ష్మమైనవే. 1971లో డీటర్ ముల్లర్, లోథర్ యెనికే బృందం ఎక్టోకార్పీన్ అనే హైడ్రోకార్బన్‌ను గుర్తించింది. ఆడ సంయోగబీజాలు ఉన్న గిన్నె నుంచి నిజంగానే సువాసన వస్తుంది.

1995లో విల్‌హెల్మ్ బోలాండ్ బృందం దీనికి ఒక కొత్త మలుపు ఇచ్చింది. కణం నిజానికి వదిలేది ఎక్టోకార్పీన్ కాదు, దాని ముందు రూపం. మగ సంయోగబీజాలను బలంగా ఆకర్షించేది అదే. అది నిమిషాల్లో తనంతట తానే అణువులో బంధాలు సర్దుకుని ఎక్టోకార్పీన్‌గా మారిపోతుంది, పిలిచే బలం కోల్పోతుంది. దీని ఉపయోగం గమనించండి. పిలుపు ఎప్పటికీ నీటిలో నిలిచిపోతే నీరంతా అదే వాసన, ఏ దిక్కుకు పోవాలో తెలియదు. నిమిషాల్లో చల్లారిపోయే పిలుపైతే వాసన ఎక్కువగా ఉన్న చోటే కణం ఉన్న చోటు. బంధాలు అలా సర్దుకోవడాన్ని మేం కోప్ పునర్విన్యాసం అని పాఠంగా చదువుకున్నాం. ఒక సంయోగబీజం దాన్ని గడియారంగా వాడుకుంటోందని తెలిశాక ఆ పాఠం నాకు వేరుగా కనిపించింది.

ఓయూ_రెండో_ఏడు | బుధవారం, రాత్రి 7:45

అందరికీ నమస్కారం. ఈ చర్చ చదివి అడుగుతున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం చెరువు పాకుడు నుంచి ఒక డయాటమ్ కణాన్ని సన్నని గొట్టంతో విడదీసి, దాని నుంచే సాగు పెంచాను. బాగా పెరిగింది. ఎన్నాళ్లు చూసినా ఒక్క జత కూడా కనబడలేదు. వెలుగు మార్చాను, పోషకాలు మార్చాను. ఏమి లోపం?

గచ్చిబౌలి_జీవకణం | బుధవారం, రాత్రి 8:20

లోపం సాగులో లేదు. ఒకే కణం నుంచి వచ్చిన సంతానమంతా ఒకే జత రకం. మీ జాతికి రెండు వేర్వేరు రకాలు కావాలి అనుకుంటే, ఒక్క గొట్టంలో అవి ఎప్పటికీ కలవవు. ఒకే వంశంలోనే జత కట్టే జాతులు కూడా ఉన్నాయి కానీ, మీది అలాంటిది కాదనిపిస్తోంది. రెండో కారణం పరిమాణం. మీ కణాల పొడవు కొలిచారా? ఆ జాతికి ఉన్న హద్దు కంటే ఇంకా పెద్దవైతే, సరైన జత పక్కనే ఉన్నా పట్టించుకోవు.

సాగులో బాక్టీరియా ఉందా లేదా అన్నది కూడా రాసుకోండి. సెమినావిస్‌తో కలిసి బతికే బాక్టీరియాలో ఒకటి జత కట్టడాన్ని తగ్గించింది, మరొకటి పెంచింది. నీటిలో ఇద్దరి మధ్య సంభాషణ అనుకుంటాం, వినేవాళ్లు చాలామంది.

పాత_పాఠం | బుధవారం, రాత్రి 9:00

నాయనా, ఒకే రాయి మీది పాకుడు నుంచి వీలైనన్ని కణాలను విడివిడిగా తీసి, వేటికవే వేరు గొట్టాల్లో పెంచు. అన్నింటి పొడవూ కొలిచి గొట్టం మీద రాసిపెట్టు. చిన్నవాటిని ఎంచుకుని, రెండేసి చొప్పున అన్ని జోడీలుగా కలిపి చూడు. ఏ జోడీలో జతలు కనబడ్డాయో పట్టికలో గుర్తు పెట్టుకుంటూ పోతే, రెండు గుంపులు వాటంతట అవే తేలుతాయి.

జాగ్రత్త ఒకటి. చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకే జాతి అనుకోవద్దు. ఎడిన్‌బరో నగరంలోని బ్లాక్‌ఫర్డ్ చెరువులో డేవిడ్ మాన్ ఏళ్ల తరబడి సెల్లాఫోరా ప్యూపులా అనే డయాటమ్‌ను చూశారు. ఒకే జాతి అనుకున్నవాటిలో ఎవరికి వారు తమ గుంపులోనే జత కడుతున్నారని తేలింది. 2004లో ఆ గుంపు నుంచి ఐదు కొత్త జాతులకు పేర్లు పెట్టారు. అదీ ఊరి మధ్యలో ఉన్న మామూలు చెరువే. నీ పట్టికలో ఏ జోడీ కలవకపోయినా అది కూడా ఫలితమే, రాసిపెట్టుకో.

ఓయూ_రెండో_ఏడు | బుధవారం, రాత్రి 9:25

ధన్యవాదాలు, సర్. కణాలు కొలిచాను, చాలావరకు పెద్దవే. చిన్నవి దొరకాలంటే ఏ కాలంలో తేవాలి?

పాత_పాఠం | బుధవారం, రాత్రి 9:50

కాలం కోసం ఆగవద్దు. తెచ్చిన ప్రతిసారీ పాకుడులో పెద్దవీ చిన్నవీ కలిసే ఉంటాయి. సన్నగా, పొట్టిగా ఉన్నవాటినే వెతికి విడదీయి. నీ దగ్గరున్న పెద్దవాటిని పారబోయకు, గొట్టం మారుస్తూ పెంచుకో. విభజన జరిగేకొద్దీ అవే చిన్నవవుతాయి. నెలకోసారి కొలువు.

గండిపేట_గట్టు | బుధవారం, రాత్రి 10:10

నేను రాళ్లు గీకిన చోటు చెబుతాను, బాబూ, అక్కడ చిన్నవి బాగానే కనిపించాయి. శనివారం ఉదయం మా పిల్లలతో మళ్లీ వెళ్తున్నాం. వీలైతే సీసాలు తెచ్చుకో, మా సూక్ష్మదర్శిని కూడా అక్కడికే తెస్తాను.